కొండ – ఉలి – విద్యార్థి

మన వన్ టౌన్‌లో ఏ వీధిలో నిలిచి తల ఎత్తి చూచినా కొండ కనిపిస్తుంది. ఒక ప్రక్క ఇంద్రకీలాద్రి, మరొక ప్రక్క గాంధీ కొండ, కృష్ణకు ఆవలి ఒడ్డున సీతానగరం, ఉండవల్లి కొండలు. కొండల నీడలో పుట్టి, కొండల నీడలోనే చదువుకొనుచున్న మనకు రాతిని గూర్చి తెలిసినది మాత్రం బహు స్వల్పం. రాయి అనగానే జడత్వమే మనకు గుర్తుకు వస్తుంది. పాఠం తలకెక్కని విద్యార్థిని రాయితో పోల్చి మందలించడం కూడ కద్దు. కాని రాతితో పని చేసే వారి దృష్టి వేరు. వారి లెక్కలో ప్రతి రాతికీ ఒక పొర, ఒక జీర, ఒక పలుకు ఉంటాయి. ఆ పలుకు వినడం నేర్చిన తరువాతనే వారు ఉలి చేతబట్టుతారు.

వేసవి సెలవులలో పర్వత ప్రాంతాలకు పోయి శిల్పవిద్యను అభ్యసించే పద్ధతి కొన్ని దేశాలలో నెలకొని ఉన్నది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ, సుమారు ఎనిమిది వేల అడుగుల ఎత్తున మార్బుల్ అనే చిన్న గ్రామం కలదు. వాషింగ్టన్‌లోని లింకన్ స్మారక మందిరపు వెలుపలి భాగం ఆ ఊరి గనిలోని యూల్ పాలరాతితో కట్టినదే. 1980ల చివరి నుండి ఆ గ్రామంలో వేసవి శిల్ప శిబిరాలు జరుగుతూ వచ్చినవి. ఇటలీలో కరారా కొండలకు మైకెలాంజెలో అంతటివాడు స్వయంగా పోయి తన శిల్పానికి కావలసిన రాతిని ఎంచుకొన్నాడు. రాయి పుట్టిన చోటనే రాతిపని నేర్చుకొనవలెనన్న సూత్రం ఇందులో ఇమిడి ఉన్నది. అట్టి విద్యకు మన ప్రాంతంలో తావు కలదా అన్న ప్రశ్నకు, తావే కాదు, మన చుట్టూ ఒక పాఠశాలయే కలదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాయి లేని సీమకు రాయి వచ్చిన విధం

కృష్ణా డెల్టా అంతా నది తెచ్చి పోసిన ఒండ్రు నేల. బందరు, దివిసీమ ప్రాంతాలలో గునపం దింపితే మట్టియే గాని రాయి తగలదు. రోలు కావలెనన్నా, గుమ్మం ముందు మెట్టు కావలెనన్నా అక్కడి వారు ఎగువ నుండి తెప్పించుకొనవలసినదే. అట్టి నేలలో ఘంటసాల వంటి చోట ప్రాచీన బౌద్ధ శిల్పాలు లభించినవి అంటే, ఆ కాలపు వారు రాతి కొరకు ఎంత శ్రమపడినారో ఊహించవచ్చును.

డెల్టా ముఖద్వారంలో ఉన్న మన విజయవాడ ఈ విషయంలో భాగ్యవంతమైనది. 1852–55 సంవత్సరాల మధ్య కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టినప్పుడు, నదికి ఇరు ప్రక్కల ఉన్న కొండలే దానికి రాయి నిచ్చినవి. ఆ ఓర్ పేరే ఒకనాడు మన గాంధీ కొండకు ఉండేది. 1968 అక్టోబరు 6న ఆనాటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ ఆ కొండపై 52 అడుగుల గాంధీ స్మారక స్తూపాన్ని ఆవిష్కరించినారు.

అమరావతి కథ వేరొక పాఠం చెబుతుంది. క్రీస్తుకు పూర్వమే ఆరంభమై కొన్ని శతాబ్దాల పాటు పెరిగిన ఆ మహాస్తూపానికి వాడినది పలనాటి సున్నపురాయి. మనం దానిని పలనాటి పాలరాయి అని గౌరవంగా పిలిచినా, శాస్త్ర దృష్టిలో అది పాలరాయి కాదు. 1797లో కోలిన్ మెకంజీ అక్కడికి వచ్చునాటికే ఆ రాళ్ళను త్రవ్వి ఇతర కట్టడాలకు తరలించడం మొదలైనది. శిల్పాలలో కొన్ని సున్నపు బట్టీలకు ఆహుతి అయినవి. కొన్నింటిని 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే కలెక్టరు బందరులో ఒక కూడలిని అలంకరించడానికి తెప్పించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించినవి మద్రాసుకు, అక్కడి నుండి లండనుకు చేరినవి. రాతి విలువ తెలియని చోట శిల్పం కూడ సున్నమై పోతుందన్న మాటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. ఆ కాలపు పనితనాన్ని చూడగోరే విద్యార్థులు దూరం పోనవసరం లేదు. బందరు రోడ్డులోని బాపూ మ్యూజియంలో అల్లూరులో లభించిన సున్నపురాతి బుద్ధ విగ్రహం ఉన్నది.

మెత్తని రాయి, గట్టి రాయి

శిల్పవిద్యలో మొదటి పాఠం రాతి జాతిని గుర్తించడం. ఖనిజాల గట్టిదనాన్ని కొలవడానికి జర్మనీ శాస్త్రజ్ఞుడు మోస్ 1812లో ఒకటి నుండి పది వరకు ఒక శ్రేణిని ఏర్పరచినాడు. అందులో బలపపు రాతిలోని టాల్క్‌ది ఒకటవ స్థానం. సున్నపురాతిలోని కాల్సైట్‌ది మూడవ స్థానం. గ్రానైటులో మెరిసే క్వార్ట్జ్‌ది ఏడవ స్థానం. మంచి ఉక్కు ఉలి ఇంచుమించు ఆరు దగ్గర నిలుస్తుంది. ఈ చిన్న లెక్కలోనే శిల్పి శ్రమ అంతా దాగి ఉన్నది. సున్నపురాయి ఉలి కన్న మెత్తన గనుక ఉలి దానిని కోయగలదు. గ్రానైటులోని క్వార్ట్జ్ ఉలి కన్న గట్టిది గనుక ఉలి దానిని కోయలేదు. మొన పెట్టి కొట్టి, నలిపి, పొడిపొడిగా రాల్చవలెను. అందువలననే ఉలి మొన త్వరగా మొద్దుబారుతుంది. కొలిమి ప్రక్కనే ఉండవలసి వస్తుంది. అమరావతి ఫలకాలలో వ్రేలి గోటి వంటి సూక్ష్మమైన పని సాధ్యమైనదంటే శిల్పి నేర్పుతో పాటు ఆ సున్నపురాతి మెత్తదనం కూడ కారణమే.

మన విజయవాడ కొండల రాయి ఈ రెండింటికీ చెందినది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని ఖొండలైట్ అంటారు. తూర్పు కనుమలలో విరివిగా కనిపించే ఈ రాతిలో క్వార్ట్జ్‌తో పాటు ఎర్రని గార్నెట్ రేణువులు ఉంటాయి. ఎండకు, వానకు ఇది పొరలు పొరలుగా సడలుతుంది.

మన శిల్పశాస్త్రాలు ఇదే విషయాన్ని వేరొక భాషలో చెప్పినవి. సుత్తితో తట్టినప్పుడు గంటవలె మ్రోగేది పుంశిల, కంచు తాళంవలె పలికేది స్త్రీశిల, ధ్వని లేనిది నపుంసకశిల అని వాటిలో విభజన కలదు. పేర్లను అటుంచి లోని సత్యాన్ని గ్రహించవలెను. లోపల పగులు లేని బండలో కంపం అడ్డు లేక సాగుతుంది గనుక మ్రోత స్పష్టంగా ఉంటుంది. పగులు ఉన్న చోట కంపం తెగిపోతుంది; బండ బొంగురుగా పలుకుతుంది. కుమ్మరి కుండను తట్టి చూచే న్యాయమే ఇది.

గుహలు – అసంపూర్ణ గ్రంథాలు

ఇంద్రకీలాద్రి పాదంలో అక్కన్న మాదన్న గుహలు, మొగల్రాజపురం కొండలో మరికొన్ని గుహలు, ఆవలి ఒడ్డున ఉండవల్లి గుహలు కలవు. ఇవి క్రీస్తు శకం తొలి సహస్రాబ్దిలో తొలిచినవి. అక్కన్న, మాదన్న సోదరులు పదునేడవ శతాబ్దిలో గోలకొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులు. గుహలు వారి కన్న ఎంతో పూర్వపువైనా, ప్రజల నాలుకపై వారి పేరే నిలిచినది. ఒక ముస్లిం సుల్తాను కొలువులోని ఇద్దరు తెలుగు మంత్రుల పేరుతో మన పేటలోని గుహలు పిలువబడుచుండడం మన కళాశాల విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విశేషం.

శిల్పవిద్యార్థికి పూర్తి అయిన శిల్పం కన్న పూర్తి కానిది ఎక్కువ నేర్పుతుంది. ఉండవల్లిలో నాలుగు అంతస్తులు ఉన్నవి. అనంతశయన మూర్తిని చూచి మనం తిరిగి వస్తాము. కాని క్రింది అంతస్తు ముందు కొంతసేపు నిలువవలెను. అక్కడి స్తంభాలు ఇంకను మొరటుగా ఉన్నవి. పని మధ్యలో ఆగినది. సామాన్యంగా కొండను తొలిచేవారు పై నుండి క్రిందికి దిగుతూ పోతారు. అట్లు చేసినచో పరంజాలు కట్టే పని తప్పుతుంది. నిలిచి ఉన్న రాయియే వారికి పరంజా. ముందు చదరపు దిమ్మెను విడిచి, చుట్టూ ఉన్న రాతిని తీసివేసి, పిదప ఆ దిమ్మె అంచులను చెక్కి స్తంభంగా తీర్చుతారు. ఇటుక కట్టడంలో తప్పు వస్తే ఇటుకను మార్చవచ్చును. ఇక్కడ తీసినది తీసినదే. కనుకనే ఎక్కడ కొట్టవలెనన్న దాని కన్న ఎక్కడ కొట్టకూడదన్నది శిల్పికి ముఖ్యం.

రెండు లిపులు, రెండు పద్ధతులు

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును బోధింపబడుచున్నవి. ఈ రెండు లిపులు రాతిపై నిలిచిన తీరును పరిశీలించడం మనకు ప్రత్యేకించి ఉపయోగకరం.

పదవ శతాబ్దిలో తూర్పు చాళుక్య యుద్ధమల్లుడు వేయించిన బెజవాడ శాసనం తెలుగు పద్యాలు గల ప్రాచీన శాసనాలలో ఒకటి. అది మన వన్ టౌన్ సాహిత్య సంపద. అట్టి తెలుగు శాసనాలలో అక్షరం లోతుగా తొలువబడి ఉంటుంది. అనగా అక్షరాన్ని తీసివేసి, నేలను అట్లే ఉంచుతారు. గోలకొండలోని కుతుబ్ షాహీ సమాధుల వద్దకు పోయి నల్లరాతి సమాధులపై అరబ్బీ లిపిని చూడండి. అక్కడ అక్షరం ఉబ్బెత్తుగా నిలిచి ఉంటుంది. అనగా అక్షరాన్ని ఉంచి, చుట్టూ ఉన్న నేలను తీసివేసినారు. మొదటి పద్ధతిలో ఉలి అక్షరం వెంట నడుస్తుంది. రెండవ పద్ధతిలో ఉలి అక్షరాన్ని తాకకుండ దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది. శ్రమ ఈ రెండవ దానిలో ఎక్కువ. ఒక నుఖ్తా విరిగినచో పదం అర్థమే మారిపోవచ్చును.

కొలతల విషయంలో మాత్రం ఈ రెండు సంప్రదాయాలు ఆశ్చర్యకరంగా కలుస్తాయి. మన శిల్పులకు ముఖం పొడవు కొలమానం. దానిని తాళం అంటారు. తాళానికి పన్నెండు అంగుళాలు. నవతాళ ప్రతిమ అనగా ముఖానికి తొమ్మిది రెట్లు ఎత్తు గలది. ఖుష్‌నవీసులకు కలం మొనతో పెట్టిన చుక్క, అనగా నుఖ్తా, కొలమానం. పదవ శతాబ్దిలో బాగ్దాదు వజీరుగా ఉండిన ఇబ్న్ ముఖ్లా ఈ పద్ధతిని స్థిరపరచినట్లు చెబుతారు. అలిఫ్ ఎత్తు లిపి భేదాన్ని బట్టి ఐదు చుక్కలో, ఏడు చుక్కలో ఉంటుంది. తక్కిన అక్షరాలన్నీ అలిఫ్‌ను బట్టి కొలువబడుతాయి. స్కేలుతో పని లేక, రూపంలోని ఒక భాగంతోనే రూపమంతటిని కొలవడం రెండింటి రహస్యం. ఫలకం జానెడు ఉన్నా, నిలువెత్తు ఉన్నా పొందిక చెడదు.

విగ్రహాలు చెక్కడం తమ మత సంప్రదాయానికి సరిపడదని భావించే విద్యార్థులు మనలో ఉండవచ్చును. వారు ఈ విద్యకు దూరం కానవసరం లేదు. లిపి, లత, జాలీ, మిహ్రాబు, నక్షత్రపు అల్లిక, చివరకు ఇంటిలోని రోలు, తిరగలి వరకు అంతా రాతిపనియే. గోలకొండ సమాధుల పునరుద్ధరణ 2013 నుండి 2024 వరకు ఆగాఖాన్ సంస్థ ఆధ్వర్యంలో సాగినప్పుడు, చేతిపని తెలిసిన రాతి పనివారే దానికి ఆధారమైనారు. పని తెలిసిన చేతులు లేనిచో డబ్బు ఎంత ఉన్నా ఆ కట్టడాలు నిలిచేవి కావు.

నేర్పే చోట్లు

ఈనాటికీ రాతిపని జీవించి ఉన్న గ్రామాలు మనకు కలవు. పలనాడు జిల్లాలో మాచర్లకు సమీపంలోని దుర్గి, నంద్యాల జిల్లాలోని ఆళ్ళగడ్డ వీటిలో ముఖ్యమైనవి. ఈ రెండు ఊళ్ళ శిల్పాలకు 2017–18లో భౌగోళిక గుర్తింపు లభించినది. దుర్గి వారిది నాగార్జునకొండ, అమరావతి శిల్పాలకు వాడిన సున్నపురాతి సీమ. తిరుపతిలో, శేషాచలం కొండల పాదంలో, తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో స్థాపించిన సాంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ కలదు. అందులో ఆలయ నిర్మాణం, రాతి శిల్పం, లోహ శిల్పం, కొయ్య శిల్పం మొదలైన శాఖలలో నాలుగేండ్ల డిప్లొమా చదువు ఉన్నది. నాలుగేండ్ల చదువును పది రోజుల శిబిరంతో పోల్చరాదు. కాని రాతి ముందు ఎట్లు కూర్చుండవలెనో తెలిసికొనడానికి పది రోజులు చాలును.

పది రోజుల అభ్యాసం

కొలరాడో వేసవి చల్లన. మన వేసవి అట్టిది కాదు. దుర్గి ఉన్న పలనాటి సీమలోనే రెంటచింతల కూడ ఉన్నది. ఆ ఊరి ఎండలు వార్తాపత్రికలలో ప్రతి ఏటా చదువుచున్నాము. కనుక మన శిబిరంలో పని తెల్లవారుజామున మొదలై, ఎండ ముదరక ముందే ఆగవలెను. మధ్యాహ్నం చిత్రలేఖనానికి, కొలతలకు, చరిత్ర పాఠానికి వినియోగించవచ్చును.

మొదటి రోజు ఉలి ముట్టనివ్వరాదు. బండలను తట్టి వినడం, తడిపి చూడడం ఆనాటి పని. తడిసిన రాతిలో పగులు ఉన్న చోట నీరు నిలిచి, తక్కిన భాగం ఆరిన తరువాత కూడ నల్లని గీతగా కనిపిస్తుంది. సున్నపురాతిలో పొరలు ఏ దిశగా పరచుకొన్నవో గుర్తించడం మరొక పని. పొరకు అడ్డంగా కొట్టిన దెబ్బను రాయి ఓర్చుకొంటుంది. పొర వెంట కొట్టిన దెబ్బకు పలకగా ఊడుతుంది.

రెండవ రోజు రాతికి ఒక ముఖాన్ని చదును చేయడం. ఇది చూడడానికి సులభం, చేయడానికి కష్టం. మూలమట్టం పెట్టి నాలుగు అంచులను ముందు సరిచేసి, పిదప నడుమ ఉబ్బును తీయవలెను. రాతిని ఇసుక సంచిపై పెట్టినచో అది కదలదు, దెబ్బకు అడుగు చిట్లదు. మొన ఉలిని నిటారుగా పట్టితే రాయి నలుగుతుంది, గుంట పడుతుంది. మరీ వాల్చితే ఉలి జారిపోతుంది. ఈ రెండింటి నడుమ చేతికి తెలిసే ఒక వాలు కలదు. ఆ వాలు కుదిరినప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది. మరొక నియమం: కన్ను ఉలి తలపై ఉండరాదు, ఉలి మొనపై ఉండవలెను. కొత్తవారు వ్రేలికి దెబ్బ తగులునన్న భయంతో ఉలి తలను చూస్తారు. అందువలననే పని చెడుతుంది.

మూడవ రోజు నుండి జేగురుతో గీత గీసి, ఒక అక్షరమో, ఒక పద్మదళమో ఎంచుకొని చెక్కడం. గీత ప్రతి పూటా చెరిగిపోతుంది. ప్రతి పూటా మరల గీయవలెను. ముందు మొన ఉలితో మోటుపని, పిదప పలక ఉలితో సన్నపని, చివర నీరు పోసి ఇసుకరాతితో నునుపు. చివరి రోజు వరకు అందరి పనీ పూర్తి కాకపోవచ్చును. ఉండవల్లి శిల్పులకే కానిది మనకు కాకపోవడంలో లోపం లేదు.

దుమ్మును గూర్చి ఒక హెచ్చరిక

ఈ విద్యను గూర్చి రమణీయంగా మాటలాడి, దాని అపాయాన్ని దాచడం ధర్మం కాదు. రాతి దుమ్ములోని సూక్ష్మమైన సిలికా రేణువులు ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కట్టించే వ్యాధి సిలికోసిస్. దానిని నయం చేసే మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దీనిని వృత్తి వ్యాధులలో ఒకటిగా పేర్కొన్నది. కంటికి కనిపించే దుమ్ము కన్న కనిపించని దుమ్మే ప్రమాదకరం. ముఖానికి కట్టుకొన్న తువ్వాలు దానిని ఆపజాలదు. గ్రానైటులో సిలికా అధికం, స్వచ్ఛమైన సున్నపురాతిలో స్వల్పం. చేతి ఉలి పెచ్చులు రాల్చుతుంది. విద్యుత్ యంత్రపు చక్రం అదే రాతిని పొగవలె ఎగజిమ్ముతుంది. యంత్రం వచ్చి శ్రమ తగ్గినది నిజమే గాని, దుమ్ము పెరిగినది కూడ నిజమే. కనుక కొత్తవారు సున్నపురాతితోనే ఆరంభించవలెను. రాతిని తడుపుతూ పని చేయవలెను. గాలి వాటం చూచి కూర్చుండవలెను. ఎన్-95 వంటి తగిన ముసుగు, కంటికి అద్దాలు తప్పక ధరించవలెను. పది రోజులు చెక్కే విద్యార్థికి ఇన్ని జాగ్రత్తలు అవసరమైతే, బ్రతుకంతా చెక్కే పనివానికి ఎన్ని అవసరమో కూడ మనం ఆలోచించవలెను. మన ఇంటి గడపకు, వంటగది బండకు, ప్రార్థనాస్థలం నేలకు వేసిన రాతి వెనుక ఎవరి ఊపిరి ఉన్నదో తెలిసికొనడం కూడ చదువులో భాగమే.

మన కొండ మన తల పైన

రాతి పలుకు వినడం కేవలం కళాభిమానుల వేడుక కాదు. 2024 ఆగస్టు 31న కుండపోత వర్షానికి మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ వద్ద కొండ చరియ విరిగి ఇండ్లపై పడినది. నిండు ప్రాణాలు పోయినవి. మన నగరంలో కొండ వాలున వేలాది కుటుంబాలు కాపురముంటున్నవి. మన విద్యార్థుల ఇండ్లు కూడ వాటిలో ఉన్నవి. పొరలు సడలిన రాతిలో వాన నీరు దిగి, పగుళ్ళను వెడల్పు చేసి, బండ బరువును మోసే పట్టును పోగొట్టుతుంది. ఇంటి స్థలం కొరకు కొండ పాదాన్ని నిటారుగా తొలిచినచో పై బండకు ఆధారం పోతుంది. శిబిరంలో తడి గీతను చూచి పగులును గుర్తించడం నేర్చిన విద్యార్థి, తన ఇంటి వెనుక బండపై క్రొత్తగా తడి గీత కనిపించినప్పుడు దానిని అలక్ష్యం చేయడు. పెద్దలకు, అధికారులకు సకాలంలో తెలుపగలడు. ఇంజనీరు చేయవలసిన పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు. కాని ఇంజనీరును పిలువవలసిన వేళ వచ్చినదని చెప్పగల కన్ను ఆ ఇంటిలో ఉండడం ఎంతో మేలు.

కమిటీ వారికి విన్నపం

ఈ విషయమై కళాశాల కమిటీ వారు ఆలోచింపదగిన అంశాలు కొన్ని కలవు. వేసవి సెలవులలో పది రోజుల శిబిరానికి భారీ వ్యయం కాదు. పలనాటి సున్నపురాతి పలకలు, ఉలులు, సుత్తులు, ముసుగులు, అద్దాలు, నీడకు ఒక పందిరి చాలును. నేర్పుటకు ఒక వృత్తి శిల్పిని పిలిచి, ఉపన్యాసకునికి ఇచ్చే గౌరవాన్ని, పారితోషికాన్ని అతనికీ ఇవ్వవలెను. అతని చేతిలో ఉన్నది పట్టా లేని పాండిత్యం. చరిత్ర శాఖ వారు గుహలను, భౌతిక, రసాయన శాఖల వారు రాతి గుణాలను, ఉర్దూ, తెలుగు శాఖల వారు లిపులను వివరించినచో శాఖలన్నీ ఒక రాతి చుట్టూ కూడినట్లవుతుంది. శిబిరం ముగిసిన పిదప కళాశాల పేరును తెలుగులో తొలుపు అక్షరాలతోను, ఉర్దూలో ఉబ్బెత్తు అక్షరాలతోను ఒకే ఫలకంపై విద్యార్థులే చెక్కి ద్వారం వద్ద నిలుపవచ్చును. ఆ ఫలకంలో వంకరలు ఉండవచ్చును. అవి మన విద్యార్థుల వంకరలే గనుక మనకు ప్రియమైనవే.

విద్యార్థి మిత్రులారా! పుస్తకంలోని వాక్యాన్ని తొందరగా చదివి పేజీ త్రిప్పవచ్చును. రాతిని అట్లు త్రిప్పుటకు వీలులేదు. ఓర్పు, కొలత, జాగ్రత్త అనే మూడు గుణాలను అది మన చేతికి నేర్పుతుంది. రాబోయే సెలవులలో ఒక ఉదయం కృష్ణ దాటి ఉండవల్లికి పోయి, ఆ క్రింది అంతస్తులోని మొరటు స్తంభాల ముందు కొంతసేపు నిలిచి చూడుడు. అక్కడి ఉలి గుర్తులు నేటికీ చదువుటకు వీలుగా ఉన్నవి.